కంటి లెన్సులో పుట్టినతేదీ

మన పెద్దవాళ్లలో చాలామంది జూలై ఒకటిన పుట్టారు. నమ్మకపోతే పాత సర్టిఫికెట్లు తిరగేయండి. బళ్లో వేసేటప్పుడు తండ్రికి తేదీ గుర్తులేదు, హెడ్మాస్టరుగారికి ఆగే ఓపిక లేదు, చేతికొచ్చిన తేదీ రాసేశారు. రైల్వేలో చేసి రిటైరైన వాళ్ల ఇళ్లలో సర్వీసు రిజిస్టరు వయసు ఒకటి, అసలు వయసు ఇంకొకటి ఉండటం మామూలే. అంతకు ముందు తరాన్ని అడిగితే మూసీ వరదలొచ్చిన ఏడు పుట్టాననో, పోలీసు యాక్షన్ నాటికి చంకలో ఉన్నాననో చెప్పేవాళ్లు. 1908, 1948 అని మనం లెక్కకట్టుకోవాలి.

ఎవరూ దిద్దలేని రిజిస్టరు ఒకటి మాత్రం ప్రతి మనిషి ఒంట్లోనూ ఉంది. అది కంటి లెన్సు నడిమధ్యన ఉంటుంది.

దాన్ని చదవడానికి వీలు కల్పించింది అణుబాంబులు. 1963 దాకా పెద్ద దేశాలు ఆరుబయట బాంబులు పేల్చి చూసుకున్నాయి. దాంతో గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. ఆరుబయటి పరీక్షలు మానుకుంటామని ఆ ఏడాది ఒప్పందం కుదిరాక ఏటేటా తగ్గుతూ వచ్చింది. గాలిలో ఉన్న కార్బన్ పైరులో చేరుతుంది, పైరు నుంచి అన్నంలోకి, అన్నం నుంచి తల్లి ఒంట్లోకి, అక్కణ్నుంచి కడుపులోని బిడ్డకు వస్తుంది. 2008లో కోపెన్‌హాగెన్ శాస్త్రవేత్తలు చనిపోయినవాళ్ల లెన్సుల్లోని కార్బన్-14 కొలిచి, వాళ్లు ఏ సంవత్సరంలో పుట్టారో కొద్ది తేడాలో చెప్పారు. బిడ్డ పుట్టేనాటికి తయారైన ప్రోటీన్లే డెబ్బై ఏళ్ల తర్వాత కూడా అక్కడే, అవే ఉన్నాయన్నమాట. ఇదే ఉపాయంతో 2016లో గ్రీన్‌లాండ్ సొరచేపల కళ్లు పరీక్షించారు. వాటిలో అతి పెద్దదానికి తక్కువలో తక్కువ 272 ఏళ్లుంటాయని తేలింది. వెన్నెముక ఉన్న జీవుల్లో అంతకంటే ఎక్కువ ఆయుష్షు ఉన్నది ఇప్పటిదాకా దొరకలేదు.

ముసలితనం గురించి మాట్లాడుతూ కంటి దగ్గర ఆగిపోవడానికి నాకు రెండు కారణాలున్నాయి. వయసు మీదపడటమంటే ఏమిటో లెన్సులో కనిపించినంత తేటగా ఇంకెక్కడా కనిపించదు. రెండోది మన ఊరు హైదరాబాద్ సంగతి. మెట్టుగూడ దాటాక మెట్రో తార్నాక, హబ్సిగూడ స్టేషన్ల మీదుగా వెళుతుంది కదా, ఆ రెండు స్టేషన్ల చుట్టుపక్కల జాతీయ పోషకాహార సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) ఉన్నాయి. ఈ లెన్సు ఎందుకు మసకబారుతుంది, ఆపడానికి ఏం చేయవచ్చు అని దశాబ్దాల తరబడి తవ్విన ప్రయోగశాలలు అవి.

లెన్సు వెడల్పు తొమ్మిది, పది మిల్లీమీటర్లు. మందం నాలుగు. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. లోపలి కణాలు పెరిగే దశలోనే తమ కేంద్రకాన్ని, మైటోకాండ్రియాలను తామే కరిగించేసుకుంటాయి. వెలుగు దారిలో ఏదీ అడ్డుండకూడదు మరి. అలా ఖాళీ అయిన కణంలో మిగిలేది క్రిస్టలిన్లనే ప్రోటీన్ల చిక్కటి ద్రావణం. లెన్సు బరువులో మూడోవంతుకు పైగా ఇవే. ఒంట్లో ఇంకే కణజాలంలోనూ ప్రోటీన్లు ఇంత చిక్కగా ఉండవు. కేంద్రకం పోయింది కనుక కొత్త ప్రోటీను తయారుచేసుకునే దారీ పోయింది. వయసు పెరిగేకొద్దీ కొత్త పొరలు బయటివైపు చేరతాయే తప్ప నడిబొడ్డున ఉన్నది మారదు. పుట్టినప్పుడు ఇచ్చిన సరుకుతోనే చివరిదాకా నెట్టుకురావాలి.

నెట్టుకొచ్చే క్రమంలో ఆ సరుకుకు ఏమవుతుందో చూడండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగులుతాయి. ఆక్సిజన్ నుంచి పుట్టే దుడుకు అణువులు అంటుకుంటాయి. ప్రోటీన్లలోని ఆస్పార్టిక్ ఆమ్లం ఎడమచేతి వాటం నుంచి కుడిచేతి వాటానికి మెల్లమెల్లగా తిరిగిపోతుంది. దానికి ఎవరి ప్రోద్బలమూ అక్కర్లేదు, కాలం గడిస్తే చాలు. అన్నిటికంటే మనకు బాగా తెలిసింది చక్కెర. షుగర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తారు. రక్తంలోని గ్లూకోజు హిమోగ్లోబిన్‌కు ఎంత అతుక్కుందో అది చెబుతుంది. మూడు నెలల లెక్కే ఎందుకంటే ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. అది పోగానే దాని ఖాతా కూడా మూసేస్తారు. లెన్సు ప్రోటీన్లకూ గ్లూకోజు ఇలాగే అతుక్కుంటుంది. అక్కడ మాత్రం ఖాతా మూయడం లేదు. చిన్నప్పటి నుంచి తిన్న తీపంతా అందులో జమ పడుతూనే ఉంటుంది.

ఇంత జరుగుతున్నా లెన్సు పాతికేళ్లకే తెల్లబడిపోకపోవడం అసలు వింత. ఉడికించిన కోడిగుడ్డులో తెల్లసొన ఏమవుతుందో తెలుసు కదా. మడతలు విప్పుకున్న ప్రోటీన్లు ఒకదానికొకటి చుట్టుకుని గడ్డకడతాయి, నీళ్లలా ఉన్నది తెల్లగా మారిపోతుంది. దెబ్బతిన్న క్రిస్టలిన్లూ అదే చేయాలి. చేయకుండా పట్టుకుంటున్నది ఆల్ఫా-క్రిస్టలిన్ అని 1992లో అమెరికాలో జోసెఫ్ హార్విట్జ్ చూపించాడు. అప్పటిదాకా దాన్ని లెన్సు కట్టడానికి వాడిన ఇటుక అనుకున్నారు. తీరా చూస్తే అది కాపలాదారు కూడా. మడత చెడిన ప్రోటీను కనబడగానే దాన్ని పట్టుకుని, మిగతావాటితో కలిసి గడ్డకట్టకుండా ఆపుతుంది.

ఈ కాపలాదారు పనితీరు మీద ప్రపంచం పట్టించుకున్న పరిశోధన సీసీఎంబీలో జరిగింది. తర్వాతి రోజుల్లో ఆ సంస్థకు డైరెక్టరైన సీహెచ్. మోహన్ రావు, ఆయన బృందంలోని బి. రామన్, తంగిరాల రామకృష్ణ 1990లలో ఈ పని చేశారు. ప్రయోగం చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. రెండు చిన్న గాజు గొట్టాల్లో ఇట్టే గడ్డకట్టే ప్రోటీనేదైనా, ఇన్సులిన్ అనుకోండి, కరిగించి పెడతారు. ఒకదాంట్లో ఆల్ఫా-క్రిస్టలిన్ వేస్తారు, రెండోదాంట్లో వేయరు. ఇన్సులిన్ గొలుసులను కలిపి ఉంచే బంధాలు తెంచే రసాయనం రెండిట్లోనూ కలుపుతారు. కొద్ది నిమిషాల్లో రెండో గొట్టం పాలలా తెల్లబడుతుంది. మొదటిది తేటగా ఉండిపోతుంది. హైదరాబాద్ బృందం గమనించింది ఏమిటంటే ఈ రక్షణ అన్ని వేడుల దగ్గరా ఒకేలా ఉండదు. చల్లగా ఉన్నప్పుడు ఆల్ఫా-క్రిస్టలిన్ పెద్దగా పనిచేయదు. 30 డిగ్రీలు దాటితే దాని ఆకారం కొద్దిగా సడలి, నీటికి ముఖం చాటేసే భాగాలు బయటపడతాయి. చెడిన ప్రోటీన్లను పట్టుకునేది ఆ భాగాలతోనే. పనిలోకి దిగాలంటే కాపలాదారు కూడా కొంచెం తన కట్టు సడలించుకోవాలన్నమాట.

చిక్కల్లా ఈ కాపలాదారుల సంఖ్యతోనే. వీళ్లూ పుట్టుకతో వచ్చినవాళ్లే, కొత్తవాళ్లు రారు. పట్టుకున్న ప్రోటీనును వదిలి ఇంకోదాన్ని పట్టుకునే వీలూ పెద్దగా లేదు. నలభై, నలభై అయిదేళ్లకు లెన్సు నడిబొడ్డున ఖాళీగా ఉన్న ఆల్ఫా-క్రిస్టలిన్ దాదాపు అయిపోతుంది. పేపరు దూరంగా పెట్టి చదివే వయసు కూడా అదే. చత్వారం రావడానికి కారణం లెన్సు బిరుసెక్కి వంగకపోవడం. అలా బిరుసెక్కడంలో కాపలాదారుల కొరతకు పాత్ర ఉందని చెప్పే పరిశోధనలున్నాయి. ఇంకో ఇరవై ఏళ్లు పోతే శుక్లం. అంటే వృద్ధాప్యం అరవైలో మొదలుకాదు. నిల్వ ఖాళీ అయ్యేదాకా మన కంటికి కనపడదు, అంతే.

ఇక దీన్ని నెమ్మదింపజేయడం మాటేమిటి? ఇక్కడ తార్నాక ఎలుకల కథ చెప్పుకోవాలి. పోషకాహార సంస్థలో జి. భానుప్రకాశ్ రెడ్డి బృందం మన వంటింటి దినుసులతో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసింది. ఎలుకల మేతలో 30 శాతం గాలక్టోజు అనే చక్కెర కలిపితే కొన్ని వారాల్లోనే వాటి కళ్లలో శుక్లం దిగుతుంది. మనిషికి అరవై ఏళ్లు పట్టే పనిని అంత తొందరగా చూపిస్తుంది కాబట్టే ఈ పద్ధతి. అలాంటి ఎలుకలకు పసుపులో ఉండే కర్క్యుమిన్ పెట్టారు. 2003లో అచ్చయిన ఫలితం ఇది: మేతలో 0.002 శాతం, అంటే వంద గ్రాములకు రెండు మిల్లీగ్రాములు కలిపితే శుక్లం రావడమూ, ముదరడమూ ఆలస్యమయ్యాయి. అయిదు రెట్లు పెంచి 0.01 శాతం పెట్టిన గుంపులో శుక్లం మొదలవడం కాస్త ఆలస్యమైనా, మొదలయ్యాక అసలు కర్క్యుమినే తిననివాటికంటే వేగంగా ముదిరింది.

మందుల షాపులో కర్క్యుమిన్ బిళ్లలు కొనేవాళ్లందరికీ ఈ ఒక్క ఫలితం చదివి వినిపించాలనిపిస్తుంది నాకు. మంచిదే కదా, ఇంకాస్త వేసుకుంటే పోయేదేముంది అనుకునే బుద్ధి మనది. కూరలో చిటికెడు వేసే అమ్మమ్మ మోతాదు ఎలుక దగ్గరైనా నెగ్గింది. తర్వాత ఉసిరి మీద కూడా అదే బృందం పనిచేసి, షుగర్ తెప్పించిన ఎలుకల్లో శుక్లాన్ని ఉసిరి ఆలస్యం చేసిందని చెప్పింది. చ్యవన మహర్షి ఉసిరి లేహ్యం తిని మళ్లీ యువకుడయ్యాడని కథ చెప్పుకున్న జాతికి ఉసిరి పేరు వినగానే ఛాతీ పొంగుతుంది. పొంగనివ్వండి. కానీ ఆ ఫలితం చక్కెరతో దెబ్బతిన్న ఎలుక కంటిదనీ, మనిషి ఆయుష్షు గురించి అది ఏమీ చెప్పదనీ కూడా గుర్తుంచుకోవాలి. లేహ్యం సీసా మీద ముసలి ఎలుక బొమ్మ వేస్తే ఎవరూ కొనరు గనుక రుషి బొమ్మ వేస్తారు.

ఈ మధ్య నగరంలో గ్లూటాథయోన్ ఇంజెక్షన్ల బోర్డులు ఎక్కువయ్యాయి. రంగు తేలుతుందని, వయసు తగ్గుతుందని చెప్పి చేతికి సెలైన్ ఎక్కిస్తారు. గ్లూటాథయోన్‌కు లెన్సులో నిజంగానే పెద్ద పని ఉంది. ఆక్సిజన్ దెబ్బ నుంచి క్రిస్టలిన్లను కాసేది అదే. అయితే దాన్ని లెన్సు తన బయటి పొరల్లో తానే తయారుచేసుకుంటుంది. నడివయసు దాటాక బయటి పొరల నుంచి నడిబొడ్డుకు అది చేరే దారి మూసుకుపోతూ వస్తుంది. కరువు తయారీలో లేదు, రవాణాలో ఉంది. రక్తనాళమే లేనిచోటికి చేతి నరంలో ఎక్కించిన సీసా ఎలా చేరుతుందో ఆ బోర్డు పెట్టినవాళ్లే చెప్పాలి.

ఒళ్లంతా లెన్సులాంటిదే అనుకుంటే పొరపాటు. చర్మం, పేగు లోపలి పొర, రక్తం ఎప్పటికప్పుడు కొత్తవి పుట్టించుకుంటాయి. వాటి కష్టం వేరు. విభజనకు ఒక హద్దుంది. మనిషి కణాలను గాజు పాత్రలో పెంచితే యాభై సార్లకు అటూఇటుగా విభజన చెంది ఆగిపోతాయని 1961లో లెనర్డ్ హేఫ్లిక్ చూపించాడు. క్రోమోజోముల చివర్లలోని టెలోమియర్లు ప్రతి విభజనకూ కాస్త కాస్త అరగడం దానికి ముఖ్య కారణమని తర్వాత తెలిసింది. ఆగిపోయిన కణాలు చావవు, పనిచేయవు. ఊరికే కూర్చుని చుట్టుపక్కల వాపు పుట్టించే రసాయనాలు వదులుతుంటాయి. వీటిని ఏరివేస్తే ఎలుకల్లో కొన్ని ముసలి లక్షణాలు ఆలస్యమయ్యాయని 2011లో అమెరికాలోని మేయో క్లినిక్ బృందం చెప్పాక, ఆ పని చేసే మందుల కోసం పోటీ మొదలైంది. డబ్బున్నవాళ్ల చూపంతా ఇప్పుడు అటే ఉంది.

ఆయుష్షు పెంచే మందుల్లో ఎక్కువ పేరు మోసింది రాపమైసిన్. 1964లో ఈస్టర్ దీవికి వెళ్లిన ఒక వైద్య బృందం తెచ్చిన మట్టిలోని బ్యాక్టీరియా నుంచి, కెనడాలో పనిచేసిన మన దేశస్థుడు సురేంద్రనాథ్ సెహగల్ బృందం దాన్ని వేరుచేసింది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఇస్తారు. 2009లో దీన్ని 600 రోజుల వయసున్న చిట్టెలుకలకు, అంటే మన లెక్కలో అరవైకి చేరినవాటికి, మొదలుపెట్టారు. నూటికి తొంభై ఎలుకలు చనిపోయే వయసు ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. ముసలితనంలో మొదలుపెట్టినా పనిచేసిన మందు అదే కావడంతో సంచలనమైంది. సంబరంలో చాలామంది దాటేసిన ఒక ముక్క 2012లో వచ్చింది. రాపమైసిన్ తిన్న ఎలుకల్లో వయసుతో వచ్చే మార్పులు అనేకం తగ్గినా, కంటి శుక్లం మాత్రం ఎక్కువైంది. ఆయుష్షు పొడిగించిన మందే లెన్సును మసకబార్చింది. ఒంట్లో ఒకే గడియారం ఉందని, దాన్ని తిప్పి పెడితే అంతా సర్దుకుంటుందని నమ్మేవాళ్లు ఈ ముక్క దగ్గర కాసేపు ఆగాలి.

లెన్సులాగే మార్పిడి లేకుండా బతికే ఇంకో చోటు మెదడు. అక్కడి న్యూరాన్లు దాదాపు అన్నీ మనతో పుట్టి మనతో పోయేవే. అయితే వీటికి కేంద్రకం ఉంది, డీఎన్ఏ ఉంది, రిపేరు సామగ్రి ఉంది. ఆ సామగ్రి వయసుతో ఏమవుతుందన్నదే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు జీవితకాలపు ప్రశ్న. మనం పీల్చే ఆక్సిజన్ వల్ల న్యూరాన్ డీఎన్ఏలో రోజూ దెబ్బలు పడుతుంటాయి. చెడిన అక్షరాన్ని కోసి తీసేసి, ఖాళీలో సరైనది పెట్టి, అతుకు వేయాలి. ముసలి ఎలుకల మెదడు నుంచి న్యూరాన్లు వేరుచేసి, వాటి సారంతో ఈ రిపేరు జరుగుతుందా అని ఆయన బృందం చూసింది. కుంటుపడింది. అప్పుడు అదే సారంలో బయటి నుంచి రెండు ఎంజైములు కలిపారు: ఖాళీ పూరించే డీఎన్ఏ పాలిమరేజ్ బీటా, అతుకు వేసే లిగేజ్. రిపేరు మళ్లీ సాగింది. అంటే ముసలి న్యూరాన్‌లో యంత్రమంతా పాడైపోలేదు, ఇద్దరు కూలీలు కరువయ్యారు. సీసాలో ఇది చాలా స్పష్టమైన ఫలితం. బతికున్న మెదడులో కోట్ల కణాలకు ఆ ఇద్దరినీ ఎలా పంపాలన్నది వేరే సమస్య.

తిండి తగ్గించిన ఎలుకల్లో ఈ రిపేరు శక్తి తగ్గడం నెమ్మదిస్తుందని కూడా ఆయన రాశారు. తిండి తగ్గిస్తే ఎలుక ఎక్కువ కాలం బతుకుతుందన్నది 1935లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెకే చేసిన ప్రయోగాల నుంచీ తెలుసు. ఈ మాట తార్నాకలో చెప్పుకుంటే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. పోషకాహార సంస్థ పుట్టిందే 1918లో కూనూరులో, తిండి లోపం వల్ల వచ్చే బెరిబెరి జబ్బు కోసం. 1958లో హైదరాబాద్‌కు వచ్చాక అక్కడి వైద్యులు ఎక్కువగా చూసింది ఎండిపోయిన పిల్లల్ని. తక్కువ తినడమే ఆయుష్షు పెంచే రహస్యమైతే స్వాతంత్ర్యం నాటి మన పల్లెలు నూరేళ్లు బతకాలి. అప్పటి మన సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ల దగ్గర ఉంది. మెకే ఎలుకలకు కేలరీలు తగ్గాయి గానీ విటమిన్లు, ఖనిజాలు, ప్రోటీన్లు కొరతపడలేదు. పైగా అవి బోనులో ఉన్నాయి, కలరా మలేరియాల బెడద లేదు. పొలంలో పనిచేసే మనిషికి ఆ పోషకాలూ దొరకలేదు, ఆ రక్షణా దొరకలేదు.

న్యూరాన్ల విషయంలో ఈ మధ్య కాలంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది 2020లో వచ్చిన ఒక అమెరికన్ ప్రయోగం. షిన్యా యమనాక 2006లో నాలుగు జన్యువులతో ముదురు కణాన్ని పిండదశకు తిప్పగలిగాడు, 2012లో నోబెల్ అందుకున్నాడు. ఆ నాలుగింటిలో మూడింటిని మాత్రమే ఎలుక కంటి వెనకనుండే నరకణాల్లోకి పంపితే, నలిపిన నరం మళ్లీ చిగిర్చింది. నీటికాసులు తెప్పించిన ఎలుకలకూ, ముసలి ఎలుకలకూ చూపు మెరుగైంది. కణం తాను ఎవరో మరిచిపోకుండానే వయసు తగ్గించుకున్నట్టు కనిపించింది. ఇది మనుషుల్లో ఎంతవరకు నిలుస్తుందో తేలడానికి సమయం పడుతుంది. పూర్తిగా పిండదశకు జారిపోయిన కణం గడ్డగా మారే ప్రమాదం ఎప్పుడూ పక్కనే ఉంటుంది.

ఈలోగా లెన్సు విషయంలో మనుషులు వేరే దారి పట్టారు. నెమ్మదింపజేయలేకపోతే మార్చేద్దామన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానం ప్లాస్టిక్ అద్దాల ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా ఆ ప్లాస్టిక్‌ను కన్ను వెలివేయకపోవడం గమనించిన హెరాల్డ్ రిడ్లీ, 1949 నవంబరు 29న లండన్‌లో మొదటిసారి ప్లాస్టిక్ లెన్సు పెట్టాడు. తోటి డాక్టర్లు ఏళ్ల తరబడి తిట్టిపోశారు. ఇప్పుడు మన దేశంలోనే ఏటా అరవై లక్షలకు పైగా శుక్లాల ఆపరేషన్లు జరుగుతున్నాయి. మదురైలోని ఆరోల్యాబ్ 1992 నుంచి తక్కువ ధరకు లెన్సులు చేయడం, ఎల్.వి. ప్రసాద్ విరాళంతో గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టినటువంటి కంటి ఆసుపత్రులు పల్లెలకు చేరడం వల్ల ఇది పేదవాడి ఆపరేషన్ అయింది. అయినా కంటి ఓపీలో పాత మాట ఇంకా వినపడుతూనే ఉంటుంది.

“ఇంకా ముదరలేదు కద బాబూ, సంక్రాంతి ఎళ్లాక చేయించుకుంటా.”

“ముదిరితే నీకూ కష్టం, నాకూ కష్టం పెద్దమ్మా. మెత్తగా ఉన్నప్పుడే తీసేయాలి.”

ముదరడం కోసం ఆగాలన్నది లెన్సును నిండుగా బయటికి తీసే రోజుల నాటి లెక్క. లోపలే పొడి చేసి సన్నటి కోతలోంచి లాగేసే పద్ధతిలో గట్టిపడిన లెన్సుతోనే ఇబ్బంది ఎక్కువ. వృద్ధాప్యం మీద మనిషి గెలిచిన యుద్ధాల్లో ఇంత చవకైనది, ఇంత నమ్మకమైనది ఇంకోటి ఉందని నేననుకోను. దీని మేలు కంటితో ఆగకపోవచ్చు కూడా. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో శుక్లం ఉన్న 3,038 మంది వృద్ధులను ఏళ్ల తరబడి గమనించి 2022లో ఒక ఫలితం వెలువరించారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మతిమరుపు జబ్బు ముప్పు దాదాపు 30 శాతం తక్కువగా కనిపించింది. ఆరోగ్యంగా, చురుగ్గా ఉన్నవాళ్లే ఆపరేషన్‌కు ముందుకొస్తారన్న అనుమానాన్ని పూర్తిగా కొట్టేయలేం. అయినా మెదడుకు వెలుగు, మనుషుల ముఖాలు, అచ్చు అక్షరాలు అందితే అది మొద్దుబారడం తగ్గుతుందనడం నమ్మడానికి కష్టమైన మాట కాదు.

అన్నిటినీ ఇలా మార్చలేం. పెద్ద రక్తనాళాల గోడల్లో ఇలాస్టిన్ అనే సాగే ప్రోటీను ఉంటుంది. గుండె కొట్టినప్పుడల్లా సాగి మళ్లీ ముడుచుకునేది దానివల్లే. దాన్ని ఒళ్లు తయారుచేసేది ముఖ్యంగా కడుపులో ఉన్నప్పుడూ, చిన్నతనంలోనూ. ఆ తర్వాత కొత్తది పెద్దగా రాదు. లెన్సులోలాగే ఇక్కడా మొదట ఇచ్చిన సరుకుతోనే సరిపెట్టుకోవాలి. అలాంటప్పుడు గర్భిణికి సరైన తిండి పెడితే బిడ్డ రక్తనాళాలు ఆలస్యంగా ముసలివవుతాయా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికింది మన ఊరి పక్క పల్లెల్లోనే. 1987 నుంచి 1990 దాకా పోషకాహార సంస్థ హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో ఒక ప్రయోగం చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా పిండి, సోయా నూనెతో చేసింది. తల్లులకు 500 కేలరీలు, పిల్లలకు 300. మిగతా 14 పల్లెలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. అప్పట్లో పుట్టిన పిల్లలను 2003 నుంచి 2005 వరకు, వాళ్లు టీనేజిలో ఉండగా మళ్లీ వెతికి పట్టుకున్నారు. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు మిగతా పల్లెల పిల్లలకంటే 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. వాళ్లలో ఇన్సులిన్‌ను ఒళ్లు లెక్కచేయకపోవడం 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసుతనం చెప్పే కొలత కూడా తక్కువగా ఉంది. ఒక పూట ఉప్మాతో ధమనుల వయసు తగ్గిందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

వాళ్లు ఇరవైల్లోకి వచ్చాక మళ్లీ కొలిస్తే గుండె, రక్తనాళాలకు మేలు జరిగిందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. మధ్యలో ఆ పల్లెల చుట్టూ నగరం పెరిగింది. తిండి మారింది, పని మారింది. మిగతా 14 పల్లెల పిల్లలూ మంచి తిండి తినసాగారు. తొలినాటి లాభాన్ని తర్వాతి జీవితం చెరిపేసిందా, లేక ఇరవైల్లో తేడా కనపడదు గానీ అరవైల్లో కనపడుతుందా అన్నది ఇంకా తేలాల్సిన ప్రశ్న. లెన్సు కూడా నలభై దాకా ఏమీ చెప్పదని చూశాం. ఆ పిల్లలు ఇప్పుడు నలభైకి దగ్గర పడుతున్నారు. వాళ్లలో చాలామందికి త్వరలో చత్వారం అద్దాలు పడతాయి, కొందరు బీపీ బిళ్లలు మొదలుపెడతారు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది లెక్కపెట్టడానికి ఆ 29 పల్లెల జాబితా తార్నాకలో ఉంది.